ట్యాంక్ కింద నాచుమడి: ఐదేళ్ళు వాడాక

విశాఖలో మా ఇంటికి వచ్చినవాళ్ళు హాల్లో ఉప్పునీటి చేపల ట్యాంక్ ముందు నిలబడి క్లౌన్ చేపల్ని చూస్తారు. నాకేమో కింద అలమర తలుపు తీసి చూపించాలని ఉబలాటం. అక్కడ పసుపు వెలుతురులో, గిన్నెలు తోమే పీచులాంటి ఆకుపచ్చ నాచు ఉండ ఒకటి నీళ్ళలో మెల్లగా దొర్లుతూ ఉంటుంది. "ఇక్కడ క్లీన్ చేయడం మర్చిపోయినట్టున్నారు" అన్నవాళ్ళే ఎక్కువ. పైన నీళ్ళు అంత తేటగా ఉండేది దానివల్లే అంటే నమ్మరు.

2019 డిసెంబర్‌లో నీళ్ళు పోశాను. ట్యాంక్ 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. రాళ్ళు పోగా సుమారు 380 లీటర్లు. కింద 3 అడుగుల సంప్. ఇంటి ముందు మున్సిపల్ నీళ్ళు పట్టే సంపు అనుకునేరు, ఇది గాజుది, 3 అరలు. మొదటి అరలో వడకట్టే బట్ట సంచి, మలినాల్ని నురగగా తీసేసే స్కిమ్మర్. మధ్యది రెఫ్యూజియం, అంటే నాచు పెంచే అర, 45 లీటర్లు. చివరి అరలో నీటిని మళ్ళీ పైకి పంపే పంపు.

సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొంటున్నావా అని ప్రతి చుట్టమూ అడుగుతాడు. వానాకాలం చివర్లో నదుల మంచినీళ్ళు కలిసి మన తీరంలో నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. పైగా హార్బర్ ఉన్న ఊరు. ఆర్ఓ నీళ్ళలో లీటరుకు 35 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉప్పు కలుపుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

ఫిల్టర్ అనగానే అందరూ నాచు గురించే అడుగుతారు గానీ అసలు పనిలో సగం రాళ్ళది. మన దేశంలో గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, చచ్చిన పగడపు రాయిని కూడా తీరం నుంచి ఏరుకు రాకూడదు. అందుకే నా దగ్గర ఉన్నవి మెత్తని రకాలే: మష్రూమ్‌లు, జోవాలు, ఒక లెదర్. రాళ్ళు కూడా కొలిమిలో కాల్చిన సిరామిక్‌వే, సుమారు 35 కిలోలు. అవి ఎండు రాళ్ళు, వాటి మీద ప్రాణం ఏమీ ఉండదు. బాక్టీరియాను మనమే పెంచుకోవాలి. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన రెండు పచ్చి రొయ్యల్ని బట్టలో మూటకట్టి ట్యాంక్‌లో వదిలాను, అవి కుళ్ళితే వచ్చే అమ్మోనియానే బాక్టీరియాకు తిండి. "కూర వండుకునే రొయ్యల్ని కుళ్ళబెడుతున్నావేంట్రా?" అని అమ్మ గోల. 8వ రోజుకి అమ్మోనియా 2 పీపీఎం. తర్వాత నైట్రైట్ ఎక్కింది. రెండూ సున్నాకి రావడానికి 38 రోజులు పట్టింది. అన్నాళ్ళూ ఖాళీ ట్యాంక్‌కి లైటు వేసుకుని కూర్చోవడం ఒక తపస్సు.

ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మామూలు ఫిల్టర్‌లో కథ అక్కడితో ఆగిపోతుంది. నైట్రేట్‌ను వాయువు చేసి గాల్లోకి పంపే బాక్టీరియాకు ఆక్సిజన్ అందని చోటు కావాలి. రాళ్ళ లోపలి రంధ్రాల్లో అది కొంత జరుగుతుంది, కానీ చేపలకు మేత వేసే చేయి నాలా ధారాళమైనదైతే చాలదు. ఆ మిగులు తినడానికే నాచు.

మొదట వేసింది కౌలెర్పా, ఒక స్నేహితుడు ఊరికే ఇచ్చాడు. చూడ్డానికి ద్రాక్షగుత్తుల్లా అందంగా ఉంటుంది, పిచ్చిగా పెరుగుతుంది. నాలుగో నెలలో ఒకరోజు పొద్దున లేచేసరికి ట్యాంక్ మొత్తం బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. స్కిమ్మర్ పొంగి పొర్లుతోంది, మధ్య అరలో నాచు తెల్లటి గాజు గొట్టాల్లా పడి ఉంది. కౌలెర్పా ఎంత పొడుగు పాకినా మొత్తం ఒకే కణం. పునరుత్పత్తికి దిగిందంటే లోపలున్నదంతా నీళ్ళలోకి కక్కి చచ్చిపోతుంది. అన్నాళ్ళూ అది తిన్నదంతా ఒక్క రాత్రిలో తిరిగి నా నీళ్ళలోకే వచ్చింది. తరచూ కత్తిరిస్తే, లేదా 24 గంటలూ లైటు వేస్తే అలా జరగదంటారు. నేను మళ్ళీ ప్రయత్నించలేదు.

తర్వాత కీటోమార్ఫా. వాడేవాళ్ళంతా కీటో అంటారు, డైట్‌కి దీనికి సంబంధం లేదు. నాకు దొరికేలోపు ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. ఇదే కుటుంబంలోది మన తీరం రాళ్ళమీదా ఉంటుంది, అలలు కొట్టేచోట ముదురాకుపచ్చ కుచ్చుల్లా. గుప్పెడు తెచ్చి వేశాను. అలల దెబ్బ తింటూ బతికే మొక్కకి అలమరలో ఏం నచ్చుతుంది? రెండు వారాల్లో తెల్లబడింది. ట్యాంకుల్లో వాడే కీటో వేళ్ళు లేకుండా చిక్కుపడ్డ ఉండలా తేలే రకం. పిడికెడు వేస్తే మూడు నెలల్లో అర నిండింది.

దీని లైటుకి ప్రత్యేకమైన బ్రాండ్లు ఉన్నాయి, ధర అడిగితే కళ్ళు తిరుగుతాయి. నేను ఎలక్ట్రికల్ షాపులో కొన్న 30 వాట్ల వార్మ్ వైట్ ఎల్ఈడీ ఫ్లడ్ లైటు పెట్టాను. రాత్రిపూట 10 గంటలపాటు వెలుగుతుంది, నెలకు 9 యూనిట్లు. ఉప్పుతడికి ఐదేళ్ళలో ఒకటి పోయింది, రెండోది నడుస్తోంది. రాత్రే ఎందుకంటే, పైన లైటు ఆరాక కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడుతుంది, కింద నాచు ఆ సమయంలో దాన్ని వాడుకుంటుంది. మునుపు తెల్లవారుజామున 7.8 చూపించేది ఇప్పుడు 8.0 చూపిస్తోంది. ఏసీ వేసి కిటికీలు మూసిన రోజుల్లో మాత్రం ఆ తేడా కూడా దక్కదు.

ఇక నా అసలు దెబ్బ. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లోనే ఉండి ట్యాంక్ మీదే ధ్యాస. నాచు ఏపుగా పెరుగుతోంది, స్కిమ్మర్ పొద్దస్తమానం తిరుగుతోంది, ఫాస్ఫేట్ పీల్చే గుళికలు కూడా వేశాను. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. కాగితం మీద రాసుకుని మురిసిపోయాను. మూడు వారాలకు ఇసుక మీద గోధుమరంగు చీమిడిలాంటి తీగలు, వాటికి చిన్న చిన్న బుడగలు. డైనోఫ్లాజెల్లేట్లు, ఒకరకం ఏకకణ జీవులు. మిగతా సూక్ష్మజీవులన్నీ పస్తులుంటే అవి ఆ ఖాళీలో జొరబడతాయి. వాటిని తిన్న నత్తలు వరసగా చచ్చాయి. కొత్తవి తెప్పిద్దామంటే కొరియర్లు లేవు. ఫాస్ఫేట్ గుళికలు తీసేశాను, నాచు లైటును 4 గంటలకు తగ్గించాను, చేపలకు రెట్టింపు మేత వేశాను. మూడు నెలలకు గానీ పోలేదు. అప్పటినుంచి నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 దగ్గర ఉండేట్టు చూసుకుంటున్నాను. సున్నా కనిపిస్తే ఇప్పుడు నాకు టెన్షన్.

ఫాస్ఫేట్ విషయంలో నాచు అంత గొప్ప పనిమంతురాలు కాదు. పెద్ద నాచులు, పరమాణువుల లెక్కన, ఒక పాలు ఫాస్ఫరస్‌కు దాదాపు 30 పాళ్ళు నత్రజని తీసుకుంటాయి. అంటే నైట్రేట్ ముందు అయిపోతుంది, ఫాస్ఫేట్ మిగిలిపోతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు ఆ గుళికలు ఓ చెంచాడు, ఓ వారంపాటు వేస్తాను, అంతకుమించి కాదు.

కోత ముఖ్యం. రెండు వారాలకోసారి ఉండలో మూడోవంతు తీసేస్తాను. బద్ధకించి ఒకసారి రెండు నెలలు వదిలేస్తే లైటు అందని నడిమి భాగం కుళ్ళి, తిన్న నైట్రేట్ తిరిగి నీళ్ళలో కలిసింది. కోసిన నాచును మంచినీళ్ళలో బాగా కడిగి కరివేపాకు మొక్క మొదట్లో వేస్తాను. మొక్క ఇంకా బతికే ఉంది.

రెఫ్యూజియం అంటే ఆశ్రయం. ఆ పేరుకు తగ్గ పని కోపెపాడ్‌లది. ఆవగింజ కన్నా చిన్నగా ఉండే ఈ పురుగులు నాచులో పిల్లలు పెట్టి, పంపు గుండా పైకి వెళ్ళి చేపలకు మేత అవుతాయి. 14 నెలలు ఆగి మాండరిన్ చేపను తెచ్చాను. షాపుల్లో ఈ చేప బక్కచిక్కి కనిపిస్తుంది, ఎందుకంటే రోజంతా ఈ పురుగుల్నే ఏరుకు తింటుంది, మామూలు మేత సాధారణంగా ముట్టదు. మాది గుండ్రంగా ఉంది, నాలుగేళ్ళు. ఈ ఒక్క విషయంలో స్కిమ్మర్‌గానీ ఇంకో పరికరంగానీ రెఫ్యూజియంకి సాటిరాదు.

కరెంటు సంగతి చెప్పాలి. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి ట్యాంక్ లేదు గనుక బతికిపోయాను. రాళ్ళలోని బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి, నీళ్ళు కదలకపోతే అవీ చస్తాయి. అందుకని నీటిని పైకి పంపే పంపు, ట్యాంక్‌లో నీళ్ళు కదిలించే వేవ్‌మేకర్ ఒకటి ఇన్వర్టర్ మీద ఉన్నాయి. అయినా ఒకసారి ఇన్వర్టర్ బ్యాటరీ దిగిపోయిన రాత్రి పంపు ఆగింది. పైకి వెళ్ళే పైపు నీళ్ళను వెనక్కి లాగకుండా పెట్టిన చిన్న రంధ్రంలో నత్త ఇరుక్కుంది. 30 లీటర్ల ఉప్పునీళ్ళు హాలంతా. ఇప్పుడు ఆ రంధ్రాలు రెండు, నెలకోసారి పుల్లతో పొడిచి చూస్తాను.

నైట్రేట్ కూడా తగ్గిస్తాయని చెప్పి అమ్మిన సిరామిక్ దిమ్మలు రెండు కొన్నాను. రెండేళ్ళ తర్వాత తీసేస్తే పరీక్షల్లో వెంట్రుకవాసి తేడా లేదు, వాటి కింద మాత్రం గుప్పెడు బురద. మళ్ళీ ట్యాంక్ పెడితే వాటికి పైసా పెట్టను. స్కిమ్మర్ చిన్నది తీసుకుని మధ్య అరను రెట్టింపు చేయిస్తాను. లైటు మాత్రం అదే ఎలక్ట్రికల్ షాపు నుంచి.