కడుపు నిండే డబ్బా సూపు ఏది? వీగన్ సూపులు ఏళ్ల తరబడి వాడాక

అమెరికాలో కిరాణా కొట్లలో వీగన్ సూపు డబ్బాలు, అంటే మాంసం, గుడ్లే కాదు పాలు, వెన్న కూడా లేనివి, ఇప్పుడు బోలెడు రకాలు దొరుకుతున్నాయి. చాలావాటితో వచ్చే చిక్కు ఒకటే. తాగుతుంటే బాగానే ఉంటుంది, గంటన్నరకల్లా మళ్ళీ ఆకలి. ఇన్నాళ్ళ వాడకంలో తేలింది ఇది: చిక్కగా, నున్నగా ఉండే సూపు కడుపు నింపదు, పప్పున్న సూపు నింపుతుంది. టొమాటో, బటర్‌నట్ గుమ్మడి, క్యారెట్-అల్లం సూపుల చిక్కదనమంతా పిండిదో, మెత్తగా రుబ్బిన కూరగాయదో. కప్పుకి ప్రోటీన్ 2, 3 గ్రాములు మించదు. భోజనానికి ముందు తాగడానికి పనికొస్తాయి గానీ భోజనం బదులు తాగడానికి కాదు.

అందుకని డబ్బా తిప్పి చూడాల్సిన మొదటి చోటు పదార్థాల జాబితా. ఎక్కువ బరువున్న పదార్థం ముందు రాయాలన్నది ఇక్కడి నియమం. నీళ్ళ తర్వాత వెంటనే మసూర్ పప్పో, బఠాణీ పప్పో, బ్లాక్ బీన్సో (నల్ల చిక్కుడు గింజలు) కనబడితే అది తిండి. నీళ్ళు, టొమాటో గుజ్జు, చక్కెర, పిండి అన్న వరస కనబడితే తిరిగి అరలో పెట్టేయొచ్చు. డబ్బా మొత్తానికి ప్రోటీన్ కనీసం 12 గ్రాములు, పీచు 8 గ్రాములు, 250 కేలరీలు ఉంటే మధ్యాహ్నం ఆఫీసులో గడిచిపోతుంది. ఈ అంకెలు ఏ పుస్తకంలోవీ కావు, వాడి వాడి కుదుర్చుకున్న గీత.

అంకెలు చూసేటప్పుడు ఒక మెలిక ఉంది. లేబుల్ మీద పెద్దగా కనబడే లెక్క చాలాసార్లు ఒక కప్పుది, అంటే దాదాపు 240 మిల్లీలీటర్లది. డబ్బాలో సుమారు రెండు సర్వింగులని పైన చిన్నగా ఉంటుంది. ఆకలి మీదున్న మనిషి అరడబ్బాతో ఆపడు. కప్పుకి సోడియం (ఉప్పులో ఉండేది) 650 మిల్లీగ్రాములంటే డబ్బా ఖాళీ అయ్యేసరికి 1300. ఇక్కడి లేబుళ్ళ లెక్కన రోజంతటికీ ఉన్న హద్దు 2300. కొన్ని డబ్బాల మీద కప్పుకి, డబ్బాకి విడివిడిగా రెండు వరసలు ఉంటాయి. అలాంటప్పుడు కుడివైపు వరసే మనది.

ఇక వీగనా కాదా అన్న సంగతి. మన దేశంలో పాకెట్ మీద పచ్చ చుక్క చూసే అలవాటుతో వచ్చినవాళ్ళు ఇక్కడ బాగా పొరబడతారు. అలాంటి గుర్తు వేయాలన్న చట్టం అమెరికాలో లేదు. సూపు పేరులో కూరగాయ ఉన్నంత మాత్రాన లోపల మాంసం లేదని కాదు. క్యాంప్‌బెల్స్ కంపెనీ కండెన్స్‌డ్ (నీళ్ళు కలుపుకునే చిక్కటి రకం) వెజిటబుల్ సూపులో బీఫ్ స్టాక్, అంటే గొడ్డు మాంసం రసం, ఉంటుంది. వెజిటేరియన్ వెజిటబుల్ అని రాసింది వేరే డబ్బా. రెండూ దాదాపు ఒకే ఎరుపు తెలుపుల్లో పక్కపక్కనే కూర్చుంటాయి. బఠాణీ పప్పు సూపులో హామ్, బీన్స్ సూపులో బేకన్ వేయడం ఇక్కడి పాత అలవాటు, రెండూ పంది మాంసమే. సోయా ముద్దతో చేసే జపాన్ మిసో సూపుల్లో చాలావాటికి రుచి ఎండుచేప నుంచి వస్తుంది. కూరగాయలు, పాస్తా వేసే ఇటలీ సూపు మినెస్ట్రోనీలో చీజ్ ఉండొచ్చు.

జాబితా కింద మందంగా రాసే అలర్జీ వరసని మాత్రమే చూసి వదిలేయకండి. పాలు, గుడ్లు, చేపలు అందులో తప్పకుండా చెప్పాలి, నిజమే. కోడి, గొడ్డు మాంసాల రసం అలర్జీ పదార్థాల్లోకి రాదు కాబట్టి ఆ వరసలో కనబడదు. పైన జాబితా అంతా చదవాల్సిందే. ఏమీస్ కంపెనీ మాంసం అసలు వాడదు గానీ పాలు వాడుతుంది. వాళ్ళ క్రీమ్ ఆఫ్ టొమాటో, చంకీ టొమాటో బిస్క్ రెండింట్లోనూ క్రీమ్ ఉంటుంది. లెంటిల్ (మసూర్ పప్పు) సూపులో లేదు. వంటకం ఎప్పుడైనా మార్చొచ్చు కాబట్టి తెలిసిన డబ్బానైనా అప్పుడప్పుడు తిప్పి చూడడం మంచిది.

మళ్ళీ మళ్ళీ కొనేది లెంటిల్ సూపే. ఏమీస్ 14.5 ఔన్సుల డబ్బాలో, అంటే 411 గ్రాముల్లో, మసూర్ పప్పు, సెలరీ, క్యారెట్, ఉల్లి, బంగాళాదుంప, ఆలివ్ నూనె. చూడ్డానికి పోపు పడని పప్పుచారు. మన నాలుకకి అడ్డం తగిలేది సెలరీ వాసన, అది ఘాటు వాసనుండే ఒక కాడకూర. వేడిచేసి అలాగే తాగితే మొదటి రెండు చెంచాల దగ్గరే అది ముక్కుకి కొడుతుంది. దానికి మందు జీలకర్ర, ఇంగువ.

ముందుగా ఒక చిన్న కిటుకు. నిలవున్న డబ్బాలో పప్పంతా అడుగున గడ్డకట్టి, పైన నీళ్ళు తేలతాయి. ఊపినా కలవదు. వాడబోయే ముందు రాత్రి డబ్బాని బోర్లించి పెడితే గడ్డ మూతవైపు చేరుతుంది. తెరిచి వంచగానే పప్పు ముందు జారుతుంది, వెనక వచ్చే నీళ్ళు డబ్బాని కడిగేస్తాయి. గిన్నెలో పోసి మధ్యరకం మంట మీద 5, 6 నిమిషాలు, అడుగు నుంచి గరిటతో కలుపుతూ కాచాలి. పెద్ద మంట పెడితే పైన ఇంకా గోరువెచ్చగా ఉండగానే అడుగున పప్పు మాడుతుంది, ఆ మాడు వాసన గిన్నె మొత్తానికీ పడుతుంది.

పోపుకి ఒక చెంచా నూనె. వీగన్ అన్నాక నెయ్యి లేదు, వేరుశనగ నూనె బాగుంటుంది. పావు చెంచా ఆవాలు చిటపటమన్నాక అర చెంచా జీలకర్ర, రెండు ఎండుమిర్చి, చితక్కొట్టిన రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక రెమ్మ కరివేపాకు, చివర్లో చిటికెడు ఇంగువ. సూపులో చుర్రుమనిపించి వెంటనే మూత పెట్టి ఒక నిమిషం ఉంచండి. సెలరీ వాసన అక్కడితో సద్దుమణుగుతుంది. స్టవ్ ఆపాక అర చెక్క నిమ్మరసం. మరుగుతున్నప్పుడే పిండితే ఆ కొత్త వాసన పోతుంది. గోధుమ పడనివాళ్ళు ఇంగువ డబ్బా కూడా చదువుకోవాలి, పొడి ఇంగువలో చాలావరకు గోధుమ పిండి కలుస్తుంది.

ఉప్పు తక్కువ వేసిన రకం కూడా ఉంది, లైట్ ఇన్ సోడియం అని రాస్తారు. మామూలు దానికంటే సగం సోడియం ఉంటేనే ఆ మాట రాయాలి. చప్పగా ఉందని పైనుంచి పావు చెంచా ఉప్పు వేశారంటే దాదాపు 575 మిల్లీగ్రాముల సోడియం తిరిగొచ్చినట్టే, మిగిల్చిందంతా పోయింది. ఆవకాయ నంజుకున్నా అంతే సంగతి. పోపు, మిరియాల పొడి, మరో నాలుగు చుక్కల నిమ్మరసంతోనే చప్పదనం తీరుతుంది.

అన్నం కావాలంటే అర కప్పు వండిన అన్నం తినే గిన్నెలో వేసుకుని దానిమీద సూపు పోయండి. గిన్నెలో కలిపి కాస్తే పది నిమిషాల్లో సూపంతా పీల్చేసి ముద్దవుతుంది. ఆకలి మరీ ఎక్కువైతే డబ్బా శనగలు అర కప్పు, కడిగి వేసినవి, దాదాపు 6 గ్రాముల ప్రోటీన్ కలుపుతాయి. టొమాటో సూపు ఇంట్లో ఉండిపోతే దాన్ని కూడా భోజనంగా మార్చేది ఈ శనగలే.

బఠాణీ పప్పు సూపు కడుపు నింపడంలో లెంటిల్ కంటే ఒక మెట్టు పైనే. చలికాలంలో డబ్బా తెరిస్తే డబ్బా ఆకారంలోనే జారి గిన్నెలో నిలబడుతుంది, గీతలతో సహా. పాడైందని భయపడక్కర్లేదు. పావు కప్పు వేడినీళ్ళు పోసి గరిట వెనకతో మెదిపితే జారుగా వస్తుంది. అల్లం తురుము దీనికి బాగా నప్పుతుంది. బ్లాక్ బీన్ సూపుకి పోపు వద్దు, అందులో జీలకర్ర సాధారణంగా ముందే ఉంటుంది. పచ్చి ఉల్లిముక్కలు, కొత్తిమీర, నిమ్మకాయ చాలు. మినెస్ట్రోనీలో పాస్తా డబ్బాలోనే నాని మెత్తబడిపోతుంది, అది ఎవరికి నచ్చుతుందో తెలియదు.

వేడినీళ్ళు పోసుకునే కప్పు సూపుల మీద ఫిర్యాదులన్నీ దాదాపు నీళ్ళ వేడి దగ్గరే పుడతాయి. ఆఫీసు యంత్రంలోంచి వచ్చే నీళ్ళు మరిగే నీళ్ళు కావు. ఎండు పప్పు ముక్కలు వాటిలో నానక పళ్ళకింద గులకరాళ్ళలా తగులుతాయి. గీత వరకు నీళ్ళు పోసి, అడుగు మూలల్లో పొడి ఉండిపోకుండా చెంచాతో గీకి, మూత మీద ఏదైనా బరువు పెట్టి, కప్పు మీద రాసిన సమయానికి ఇంకో 4 నిమిషాలు కలిపి ఆగండి. మధ్యలో ఒకసారి కలపాలి.

ఇండియన్ స్టోర్లలో, కాస్ట్‌కో అనే పెద్ద దుకాణాల్లో దొరికే రెడీ-టు-ఈట్ పప్పు పాకెట్లకి వేడినీళ్ళు కలిపి సూపు చేసుకోవచ్చు, రుచి మనకి దగ్గరగానే ఉంటుంది. కానీ వెన్న, క్రీమ్ లేనివి ఏరుకోవాలి. టేస్టీ బైట్ మద్రాస్ లెంటిల్స్‌లో రెండూ ఉంటాయి. ఊరి నుంచి తెచ్చుకునే సూపు పొడి పాకెట్ల సంగతీ ఇంతే. పచ్చ చుక్క శాకాహారానికి గుర్తు, పాలపొడి ఉన్నా ఆ చుక్క వేస్తారు. వీగన్‌కి వేరే గుర్తు ఉంది, ఆకుతో కూడిన పచ్చ ఇంగ్లీషు వీ అక్షరం. దాని నియమాలు 2022లో వచ్చాయి.

మిగిలిన సూపుని డబ్బాలోనే ఫ్రిజ్‌లో పెట్టకండి, లోహపు రుచి పట్టేస్తుంది. గాజు గిన్నెలోకి మార్చి 3, 4 రోజుల్లో తినేయాలి. అట్టపెట్టె సూపులైతే తెరిచాక ఎన్నాళ్ళో పెట్టె మీదే రాసుంటుంది. మైక్రోవేవ్‌లో పప్పు సూపు పిడుగులా చిందుతుంది, వదులుగా మూతేసి 2 నిమిషాలు, తీసి కలిపి మళ్ళీ ఒక నిమిషం పెట్టాలి. డబ్బాకి పక్కన చిన్న సొట్ట ఉంటే ఫరవాలేదు. అతుకు మీద సొట్ట పడినా, మూత ఉబ్బినా, తెరవగానే చిమ్మినా రుచి చూడకుండా చెత్తబుట్టలో వేయండి.