పంపు మార్చేముందు ఈ గోళీ డబ్బా చూడండి: చెన్నైలో దొరికే ఇనర్షియా స్విచ్‌లపై సమీక్ష

సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది, స్టార్ట్ మాత్రం కాదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు వినిపించాల్సిన జుమ్మనే చప్పుడు లేదు. ఇలాంటి పాత పెట్రోల్ కారుకు చాలా గ్యారేజీల్లో మొదట చెప్పే మాట ‘పెట్రోల్ పంపు పోయింది’ అనే. పంపు విప్పేముందు చూడాల్సింది ఇనర్షియా స్విచ్, అంటే బండి గుద్దుకుంటే పంపుకు కరెంటు ఆపేసే స్విచ్. ఫియట్ పాలియో, మరైమలై నగర్‌లో తయారైన ఫోర్డ్ ఐకాన్ లాంటి బళ్లలో ఇది ఉంటుంది. ఎక్కడ బిగించారో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఎక్కువగా కాళ్ల దగ్గరి పక్క ప్యానెల్ వెనకే.

జనరల్ ప్యాటర్స్ రోడ్డు స్పేర్ పార్టుల కొట్లలో దీన్ని ‘ఫ్యూయల్ కటాఫ్ స్విచ్’ అని అడగాలి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, నెత్తిన రబ్బరు తొడుగున్న బొత్తాం, కింద మూడు పిన్నులు. మా తీర్పు ముందే చెప్పేస్తాం: కొత్తది, సరైన కప్లర్‌తో (వైర్లు తగిలించే ప్లగ్గుతో) వచ్చేది నిస్సంకోచంగా కొనవచ్చు. పుదుపేటలో పాత బండి నుంచి ఊడదీసింది మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు.

లోపల సర్క్యూట్ బోర్డు ఏమీ ఉండదు. గరాటు లాంటి గుంటలో ఒక ఉక్కు గోళీ, దాన్ని అడుగున పట్టి ఉంచే అయస్కాంతం. గోళీకి పైన ఒక రేకు, ఆ రేకుకు స్ప్రింగుతో కాంటాక్టులు. బండి దేన్నైనా గుద్దుకుంటే డబ్బా బండితో పాటే ఆగిపోతుంది, గోళీ ఆగదు. అయస్కాంతం పట్టు విడిపించుకుని గరాటు గోడ ఎక్కి రేకును కొడుతుంది. స్ప్రింగు టక్కున అటు పక్కకు తిరిగిపోతుంది, పంపుకు వెళ్లే కరెంటు తెగుతుంది, బొత్తాం పైకి లేస్తుంది. గోళీ తిరిగి గుంటలోకి జారినా కాంటాక్టు తనంతట తాను కలవదు, చేత్తో నొక్కాల్సిందే.

మరి గట్టిగా బ్రేకు వేస్తే స్విచ్ ఇలా ఎగరదా? ఎగరదు. పొడి రోడ్డు మీద ఎంత గట్టిగా తొక్కినా బ్రేకు వల్ల వచ్చేది సుమారు 1 జి, అంటే భూమ్యాకర్షణతో సమానమైన బలం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి గోడను గుద్ది అర మీటరు దూరంలో ఆగితే లెక్క ప్రకారం సగటున దాదాపు 20 జి వస్తుంది. స్విచ్ ఎగిరే హద్దు ఈ రెంటికీ మధ్య ఉంటుంది. దెబ్బ ఎంత పెద్దదన్నదే కాదు, ఎంతసేపు ఉందన్నదీ ముఖ్యం. గోళీ గోడ ఎక్కడానికి కాస్త సమయం కావాలి కాబట్టి గులకరాయి తగిలినంత క్షణికమైన దెబ్బకు అది పైదాకా చేరదు. ఈ పనితనం మాకు బాగా నచ్చింది. బ్యాటరీ బలహీనంగా ఉన్నా, సెన్సార్ వైరు తెగినా గోళీ తన పని తాను చేస్తుంది.

గుంతలో పడ్డప్పుడల్లా ఎగిరిపోతోందని కొందరు ఈ స్విచ్‌ను తిడతారు. చాలాసార్లు తప్పు బిగింపుది. బొత్తాం నిటారుగా ఆకాశం వైపే ఉండాలి. స్పీడ్ బ్రేకర్ దెబ్బ కింది నుంచి పైకి వస్తుంది, నిటారుగా ఉన్న స్విచ్‌కు అది గోళీని గుంటలోకే అదుముతుంది. అదే స్విచ్‌ను 30 డిగ్రీలు వాల్చి బిగిస్తే ఆ దెబ్బలో సగం పక్కదెబ్బగా మారుతుంది. పైగా వాల్చిన వైపు గోళీ ఎక్కాల్సిన గోడ తక్కువైపోతుంది. రెండో తప్పు, ప్లాస్టిక్ ట్రిమ్‌కు (బాడీ రేకును కప్పే లోపలి ప్యానెల్‌కు) బిగించడం. ట్రిమ్ తనంతట తానే ఊగుతుంది, తలుపు విసిరి వేసినా స్విచ్ ఎగురుతుంది. బాడీ రేకుకే, రెండు స్క్రూలూ పూర్తిగా బిగించాలి. పాత స్క్రూ రంధ్రం అరిగి ఉంటే ఒక సైజు పెద్ద స్క్రూ వాడండి, టేపు చుట్టి సరిపెట్టొద్దు.

ఇక కరెంటు సంగతి, అసలు మోసపోయేది ఇక్కడే. మూడు పిన్నుల్లో ఒకటి కామన్, ఒకటి మామూలుగా కలిసి ఉండే ఎన్‌సీ, మూడోది ఎగిరాక కలిసే ఎన్‌ఓ. పంపు లైను కామన్‌కూ ఎన్‌సీకీ మధ్య ఉండాలి. ఏ పిన్ను ఏదో వైరు రంగు చూసి నమ్మకండి, మల్టీమీటర్‌తో చూడండి. కొట్లో మీటరు పెట్టి బీప్ వినిపించి ‘కరెక్టుగా ఉంది సార్’ అంటారు. ఆ బీప్ సరిపోదు. 6 ఆంపియర్లు లాగే పంపుకు స్విచ్ దగ్గర అర వోల్టు పడిపోతే ఆ నిరోధం 0.08 ఓమ్ మాత్రమే, మామూలు మీటరుకు అది సున్నాలాగే కనిపిస్తుంది. కానీ ఆ పిన్ను దగ్గర 3 వాట్ల వేడి పుడుతుంది. కొన్ని నెలల్లో కప్లర్ గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, పిన్ను వదులవుతుంది. ఎండలో ట్రాఫిక్‌లో ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బళ్లలో ఈ రోగం ఉండే అవకాశం ఉంది. పంపు నడుస్తుండగా కామన్‌కూ ఎన్‌సీకీ మధ్య వోల్టేజీ కొలవండి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది, 0.3 దాటితే స్విచ్, కప్లర్ రెండూ మార్చేయాలి.

పుదుపేట సరుకు వద్దనడానికి కారణం కూడా ఇదే. 2015 డిసెంబరు వరదల్లో, 2023లో మిచౌంగ్ తుఫానుకు ఈ ఊళ్లో ఎన్నో కార్లు మునిగాయి. నేలకు దగ్గరగా ఉండే ఈ డబ్బాలోకి నీళ్లు వెళ్లాయో లేదో బయటి నుంచి తెలియదు. పిన్ను మొదట్లో పచ్చటి చిలుము కనిపిస్తే లోపల అంతకు రెట్టింపు ఉందనుకోండి. తుప్పెక్కిన గోళీ గుంటకు అంటుకుపోతే ఇంకా ప్రమాదం, గుద్దుకున్నా కదలదు.

కొనేటప్పుడు స్విచ్‌ను నిటారుగా పట్టుకుని అంచును అరచేతికి గట్టిగా కొట్టండి. బొత్తాం లేవాలి, నొక్కితే టక్కున కూర్చోవాలి. నాలుగు పక్కల నుంచీ కొట్టి చూడండి. ఒక పక్క మాత్రమే పలికితే తీసుకోవద్దు. బైకులకు పెట్టే టిల్ట్ సెన్సార్ ఇస్తే తిరిగి ఇచ్చేయండి. అది వాలిన కోణాన్ని చూస్తుంది, దెబ్బను కాదు.

గ్యాస్ కిట్ ఉన్న బండికి ఇంకో మాట. గ్యాస్‌ను కరెంటుతో తెరిచి మూసే సాలెనాయిడ్ వాల్వుకు కరెంటు నేరుగా ఇగ్నిషన్ నుంచి తీసి ఉంటే, స్విచ్ ఎగిరినా గ్యాస్ ఆగదు. ఆ లైను కూడా ఎన్‌సీ తర్వాతి నుంచే రావాలి. రెండింటి భారం 10 ఆంపియర్లకు దగ్గరైతే మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) పెట్టించండి.

స్విచ్ ఎగిరాక తిరిగి నొక్కే ముందు తాళం ఆఫ్ చేయండి. బానెట్ కింద, ట్యాంకు కింద పెట్రోల్ వాసన, చెమ్మ చూడండి. ఏమీ లేకపోతే బొత్తాం నొక్కి, తాళం కొన్ని సెకన్లు ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేయండి. ఈలోగా పంపు లైనులో ఒత్తిడి నింపుతుంది, చిల్లు ఉంటే అప్పుడే కారుతుంది. ఇంకోసారి కిందికి వంగి చూసి, నేల పొడిగా ఉంటేనే స్టార్ట్ చేయండి.