గిండీలో లీన్ మాన్యుఫాక్చరింగ్ వీకెండ్ కోర్సు: బొమ్మ కార్ల ఆట సూపర్, వెండర్ గొడవ మాత్రం దాటేశారు

పేరు పెట్టట్లేదు గానీ, చెన్నై గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో శని ఆదివారాలు నడిపే లీన్ (ఫ్యాక్టరీలో వృథానీ అనవసరపు స్టాక్‌నీ తగ్గించే పద్ధతి) కోర్సు అంటే అంబత్తూరు, ఒరగడం, శ్రీపెరుంబుదూరు వైపు పనిచేసే మనవాళ్లకి చాలావరకు తెలిసిపోద్ది. ఫీజు జీఎస్‌టీతో కలిపి పదివేలకి కాస్త తక్కువ, మా కంపెనీయే కట్టింది కాబట్టి ఆ నొప్పి నాకు లేదు. నేను ఒక ప్రెస్ షాప్‌లో ప్రొడక్షన్ చూస్తా, మా బ్రాకెట్లు ఇంకో కంపెనీకి వెళ్తాయి, అక్కడ్నుంచి కార్ల కంపెనీకి, అంటే మేం టయర్-2, రెండో మెట్టు వెండర్లం. పెద్ద ప్లాంట్లలో చేసేవాళ్లకి ఈ కోర్సు ఇంకోలా అనిపించొచ్చు.

మొదటి పూటంతా కార్ల తయారీ చరిత్రే. ఏసీ రూము, చరిత్ర క్లాసు, ఇంక కునుకు తీయొచ్చులే అన్నట్టు వెనక్కి వాలిన బ్యాచ్ మొత్తం పావుగంటలో నిటారుగా కూర్చుంది. చెప్పేది ప్లాంట్లో పనిచేసి రిటైరైన సారు, క్లాసులో ఇంగ్లీషు తమిళం కలిపి కొడతారు, టీ దగ్గర మాత్రం నాతోనూ శ్రీసిటీ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లతోనూ పాత మద్రాసు తెలుగులో "ఏం నాయనా, బోధపడినాదా" అని మొదలుపెడతారు.

కథ 1890ల పారిస్‌లో మొదలవుద్ది, పనార్ లెవాస్సోర్ షాపులో కార్లు చేసేవాళ్లు, ఏ రెండు కార్లూ ఒకేలా ఉండవు, ఒకదాని పార్టు ఇంకోదానికి పట్టదు, ఆకురాయి పట్టుకుని రుద్ది రుద్ది కూర్చోబెట్టడమే. ఫోర్డ్ అనగానే మనందరికీ కన్వేయరే గుర్తొస్తది కదా, సారు అక్కడ ఆపి, కన్వేయర్ తర్వాత సంగతయ్యా, ముందు అన్ని పార్టులూ ఒకే గేజ్‌కి, అంటే ఒకే కొలతకి వచ్చాయి కాబట్టే రుద్దే మనిషి అక్కర్లేకుండా పోయాడు, అది జరక్కపోతే బెల్టు మీద ఏం కదిలిస్తావ్ అన్నారు. మోడల్ టీ వచ్చింది 1908లో, కదిలే లైను హైలాండ్ పార్క్‌లో 1913లో. చాసిస్ అసెంబ్లీ 12 గంటల 30 నిమిషాల నుంచి 93 నిమిషాలకి పడింది. ఇదంతా ఎక్కడైనా దొరుకుద్ది, నాకు నచ్చింది ఏంటంటే సారు రెండో వైపు కూడా చెప్పారు, ఆ 1913లోనే పని తట్టుకోలేక మానేసేవాళ్లు ఎంతమందంటే ఏడాది లేబర్ టర్నోవర్ (పనివాళ్లు మారిపోయే లెక్క) 370 శాతం, 1914 జనవరిలో రోజుకి 5 డాలర్ల జీతం ప్రకటించడానికి అదో పెద్ద కారణం. 1927కి కోటిన్నర మోడల్ టీలు చేశారు, ఆ తర్వాత మోడల్ ఏకి మారాలంటే నెలల తరబడి ప్లాంట్లు మూసుకోవాల్సొచ్చింది, ఎందుకంటే ఆ మెషీన్లన్నీ ఆ ఒక్క కారు కోసమే పుట్టినవి.

టొయోటా దగ్గరికి వచ్చేసరికి ముందు మగ్గం. సకిచి టొయోడా 1924 నాటి ఆటోమేటిక్ మగ్గంలో దారం తెగితే మగ్గం దానంతటదే ఆగిపోద్ది, చెడ్డ బట్ట నేయదు, పక్కన మనిషి కాపలా అక్కర్లేదు. తప్పు కనపడితే తాడు లాగి లైన్ ఆపే ఆండాన్ ఐడియాకి బీజం అదే. 1950లో టొయోటా దివాలా అంచుకి వెళ్లింది, జనాన్ని తీసేశారు, సమ్మె జరిగింది, కార్ల కంపెనీ పెట్టిన సకిచి కొడుకు కీచిరో టొయోడా రాజీనామా చేశాడు. అదే ఏడాది ఎయిజీ టొయోడా డెట్రాయిట్ వెళ్లి ఫోర్డ్ రూజ్ ప్లాంటు చూసొచ్చాడు. టొయోటాకి అంత డబ్బూ లేదు, అంత మార్కెట్టూ లేదు, కావాల్సింది చూస్తే కొద్దికొద్దిగా చాలా రకాలు. కాబట్టి అక్కడి ఇంజనీర్ తైచి ఓనో ముందున్న ప్రశ్న ప్రెస్‌లో డై (రేకుని ఆకారంలోకి నొక్కే అచ్చు) తొందరగా మార్చడం ఎలా అన్నది. ఇది వింటుంటే మా షాపే కనపడింది. పెద్ద బ్యాచ్ కొట్టేది ఇష్టమై కాదు, డై మార్చడానికి సగం షిఫ్ట్ పోద్దని భయపడి.

ఆ డై మార్పు సెషన్‌కే ఫీజు గిట్టుబాటు. జపాన్ ఇంజనీర్ షిగెయో షింగో పద్ధతి అన్నమాట, 1000 టన్నుల ప్రెస్‌కి 4 గంటల సెటప్‌ని ముందు 90 నిమిషాలకి, తర్వాత 3 నిమిషాలకి దించిన కేసు. మెషీన్ ఆగి ఉన్నప్పుడే చేయాల్సిన పనులేంటి, నడుస్తుండగానే చేసిపెట్టుకోదగ్గవేంటి అని విడదీయడం, ఆగాక చేసేవాటిని ఒక్కోటీ బయటికి తోయడం, బోల్టులు తగ్గించి క్లాంపులు పెట్టడం, డైల ఎత్తు ఒకటే చేసేయడం. వీడియోలో ఒక మామూలు షాప్‌లో ఆపరేటర్ స్పానర్ కోసం స్టోర్స్‌కి నడిచి వెళ్లిరావడం చూపించారు, హాల్ మొత్తం నవ్వు, మాది కూడా అంతే అన్నట్టు.

ఇంక బొమ్మ కార్ల ఆట. నాలుగు టేబుళ్లు, ఒక్కో టేబుల్ దగ్గర ఒక నిమిషం పని. మొదటి రౌండ్ పది పది బ్యాచ్‌గా పంపాలి, పది కార్లు బయటికి వచ్చేసరికి 40 నిమిషాలు. రెండో రౌండ్ ఒక్కోటి చేసి వెంటనే పక్కకి, మొదటి కారు 4 నిమిషాలకి, పదోది 13 నిమిషాలకి. ఎవరి చేతి స్పీడూ పెరగలేదు, మధ్యలో కుప్పలు పోయాయంతే. పైగా మొదటి రౌండ్‌లో చక్రం తిరగేసి బిగించిన విషయం చివరి టేబుల్ దాకా ఎవరికీ తెలీలేదు, పదీ రీవర్క్. రెండో రౌండ్‌లో రెండో కారుకే అరుపులు. మా ఎండీకి నేను ఏ పీపీటీతోనూ చెప్పలేనిది ఇది.

ఆదివారం పొద్దున మాత్రం 5ఎస్ (పనిచేసే చోటుని సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి) పేరుతో చాలా టైమ్ తినేశారు, ఎర్ర ట్యాగులు, పసుపు గీతలు, బోర్డులు, ఇవన్నీ మనం ఆడిట్‌కి ముందురోజు చేసేవే. పైన జపనీస్ మాటల వర్షం. చెన్నైలో కూర్చుని చెప్తున్నారు, పాడిలో అప్పుడున్న సుందరం క్లేటన్ బ్రేకుల డివిజన్ 1998లోనే క్వాలిటీకి జపాన్ వాళ్లిచ్చే డెమింగ్ ప్రైజ్ తెచ్చుకుంది, ఇండియాలో మొదటిది, దాని గురించి ఒక్క స్లైడ్ లేదు, ఇదేం చోద్యమో.

అసలు కంప్లయింట్ హైజుంకా మీద, అంటే డిమాండ్‌ని చదును చేసి రోజూ ఇంచుమించు ఒకే మిక్స్ నడపడం. దీనికి ఇచ్చింది పది నిమిషాలు. కాన్‌బాన్ కార్డులు (వాడుకున్నంత సరుకే మళ్లీ పంపమని వెనక్కి వెళ్లే చీటీలు) చిన్న హెచ్చుతగ్గుల్నే తట్టుకుంటాయి, పైనున్న కంపెనీ షెడ్యూల్ చదునుగా ఉంటేనే కింద వెండర్ దగ్గర అది నడుస్తది. మాకు నెల మొదట్లో ఒక షెడ్యూల్ వస్తది, వారం తిరిగేసరికి ఇంకోటి, సాయంత్రం వాట్సాప్‌లో మరోటి, సరుకు ఆగితే లైన్ స్టాపేజ్ అని డెబిట్ నోటు, అంటే మా బిల్లులోంచి కోత. దాంతో ఏం చేస్తాం, మా గోడౌన్‌లో స్టాక్ నింపుకుని కూర్చుంటాం, వాళ్ల లెక్కలో వాళ్లు లీన్, వాళ్ల కొవ్వంతా మా ఒంట్లోకి వచ్చి చేరింది. దీన్నే అడిగితే సారు కాసేపు ఆగి, కస్టమర్‌తో కూర్చుని మాట్లాడుకోవాలి అని తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు. మాట్లాడితే వినే కస్టమర్ ఎక్కడున్నాడో అడ్రస్ కూడా ఇస్తే బావుండేది.

జవాబుకి సరుకు ఆయన దగ్గరే ఉంది, చేతిలో పెట్టుకుని వాడలేదు. 1997 ఫిబ్రవరిలో జపాన్‌లోని కరియాలో టొయోటా సప్లయర్ ఐసిన్ ప్లాంటు కాలిపోయి ఒక చిన్న బ్రేక్ వాల్వ్ లేక టొయోటా ప్లాంట్లు దాదాపు అన్నీ ఆగిపోయిన కథ ఆయనే చెప్పారు, కానీ సప్లయర్లంతా కలిసి రోజుల్లో ఎలా ఆదుకున్నారు అన్న వీరగాథలాగా. 2011 సునామీ తర్వాత చిప్‌ల విషయంలో టొయోటాయే సప్లయర్లని 2 నుంచి 6 నెలల స్టాక్ పెట్టుకోమంది, అందుకే 2021 కొరతలో మిగతావాళ్లకంటే లేటుగా దెబ్బ తగిలింది. అంటే స్టాక్ ఎక్కడ, ఎంత, ఎవరి ఖర్చుతో అన్నది కూడా లీన్‌లో భాగమే కదా, ఈ ముక్క చర్చకి పెడితే మా బోటివాళ్లకి కస్టమర్ దగ్గర మాట్లాడటానికి ఒక ఆధారం ఉండేది.

భోజనం పర్లేదు, సాంబారు బావుంది, కాఫీ ఇంకా బావుంది. పార్కింగ్ లేదు, మెట్రోలో రండి. మీ లైన్ సెటప్ టైములూ రిజెక్షన్ లెక్కలూ రాసుకుని వెళ్తే డై సెషన్‌లో సారు దాని మీదే పనిచేయిస్తారు, ఖాళీ చేతులతో వచ్చినవాళ్లకి కల్పిత ఉదాహరణే గతి. ఒకే కంపెనీ నుంచి ఇద్దరొస్తే ఫీజు కొంచెం తగ్గిస్తారు, ఆ రెండో సీటు మీ ఓనర్‌కి బుక్ చేయండి, కనీసం బొమ్మ కార్ల ఆట ఉన్న పూటకైనా.