ఏఎంటీ కారుతో నాలుగేళ్లు: సుంకి ఘాట్ నేర్పిన మాన్యువల్ మోడ్

నా బండి ఏఎంటీ, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే రకం. మామూలుగా డిలో ఉంచి నడుపుతాం. గేర్ లివర్‌ని డి నుంచి పక్కకి నెడితే ఎమ్, అంటే గేర్లు మనమే మార్చే మాన్యువల్ మోడ్, వస్తుంది. అక్కడ లివర్‌ని ఒకవైపు తడితే గేరు తగ్గుతుంది, రెండోవైపు తడితే పెరుగుతుంది. మూడేళ్లపాటు ఆ ఎమ్ జోలికే వెళ్లలేదు. ఇప్పుడు ఎవరు ఏఎంటీ గురించి అడిగినా మొదట దాని సంగతే చెబుతున్నాను.

2021లో కారు కొన్నప్పుడు నాకు లైసెన్సు కొత్త, ఎడమ మోకాలికి నొప్పి. క్లచ్ పెడల్ లేకపోవడం వరంలా అనిపించింది. మైలేజీ, డిక్కీ గురించి అందరూ రాసేశారు, వదిలేద్దాం. మేముండే ఒడిశాలోని జయపురం రద్దీలో హాయిగా నడిపేదాన్ని. "గేర్ల టెన్షన్ లేదు, కళ్లు మూసుకుని కొనెయ్" అని బరంపురంలో ఉండే మా ఆడపడుచుకి కూడా చెప్పాను. ఆ మాటకి ఇప్పుడు కొంత సవరణ కావాలి.

మా పుట్టిల్లు విజయనగరం. 2024లో అక్కడి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూద్దామని, దాని ముందురోజు తొలేళ్ల నాడు పొద్దున్నే బయల్దేరాం. అత్తయ్య, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామాను. పొట్టంగి దాటాక సుంకి దగ్గర ఘాట్ రోడ్డు దిగుడు మొదలైంది. ముందు లోడు లారీ. డిలోనే ఉంచి బ్రేకు మీద కాలు వేసి దిగుతున్నాను. కాలు తీస్తే చాలు, బండి వేగం అందుకుని తనంతట తనే మూడు, నాలుగు గేర్లలోకి వెళ్లిపోయేది. పై గేరులో బండిని నెమ్మదింపజేసే ఇంజను పట్టు తక్కువ. దాంతో మళ్లీ బ్రేకే.

కాసేపటికి కాలిన వాసన వచ్చింది. లారీదే అనుకున్నాను. తర్వాతి వంపులో బ్రేకు తొక్కితే పెడల్ తడిసిన దూది మీద అడుగేసినట్టు మెత్తగా లోపలికి దిగిపోయింది. బండి నెమ్మదించిందే గానీ ఆగలేదు. గబగబా మూడు నాలుగుసార్లు తొక్కితే కాస్త పట్టింది. హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు ఖాళీ జాగాలో ఆపాను. చేతులు వణుకుతున్నాయి. అత్తయ్య ఒక్క మాట అనకుండా పిల్లలిద్దర్నీ దించి దూరంగా తీసుకెళ్లింది.

వెనక వస్తున్న సాలూరు లారీ ఒకటి ఆగింది. డ్రైవరు పెద్దాయన. చక్రం దగ్గర వంగి వాసన చూసి, "నీళ్లు పొయ్యకమ్మా, డిస్కు వంకరపోద్ది. అరగంట అలా వదిలెయ్" అన్నాడు. తర్వాత లోపలికి తొంగి చూసి, "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాల తల్లీ. నీ బండికి గేర్లు లేవేటి?" అని అడిగాడు.

అరగంట అయ్యాక, పెడల్ మళ్లీ గట్టిపడిందని చూసుకుని, ఎమ్‌లో రెండో గేరు వేసి కదిలాను. ఇంజను గోలకి ఏదో విరిగిపోతుందేమోనని భయమేసింది. ఏమీ కాలేదు. ముప్ఫై దగ్గర బండిని వెనక నుంచి తాడుతో పట్టుకున్నట్టు ఉంది. వంపు ముందు ఒక్కసారి బ్రేకు తాకిస్తే సరిపోయింది. పెట్రోలు తాగేస్తుందన్న అనుమానం కూడా వద్దు. ఇప్పటి బళ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఇంజనుకి పెట్రోలు ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. మైలేజీ కోసం న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఈ పట్టునే పోగొట్టుకుంటున్నారు.

విజయనగరంలో మెకానిక్ బ్రేక్ ఆయిల్ తీసి చూపించాడు. కాఫీ డికాక్షన్ రంగు. మూడేళ్లలో ఒక్కసారి కూడా మార్చలేదు, కానీ నేను సర్వీసుకి ఇచ్చిన చోట ప్రతిసారీ కాగితం మీద టిక్కు పెట్టారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగి బుడగలు కడితే, తొక్కిన తొక్కుడంతా ఆ బుడగల్ని నలపడానికే పోతుంది. పిల్లల్ని ఎక్కించుకునే బండికి ఆ టిక్కు ఊరికే ఎలా పెడతారు?

ఎమ్‌లోనూ లోటు ఉంది. తట్టగానే గేరు పడదు, ఒక క్షణం ఆలోచిస్తుంది. అందుకే వంపులోకి వెళ్లాక కాదు, వంపు కనబడగానే తట్టాలి. ఈ అలవాటు వల్ల నా చూపు ఒక మలుపు ముందుకి జరిగింది. ఎదురుగా ఎక్కే బండి కూడా ముందే కనబడుతోంది. రోడ్డు ఇరుకైతే దారి ఎక్కేవాళ్లదే, రూలు కూడా అదే. ఇక ఎక్కుడులో జామ్ అయితే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, హ్యాండ్‌బ్రేకు వెయ్యండి. పెడల్ లేదు గానీ లోపల క్లచ్ ఉంది, అది కాలుతుంది. ఆడపడుచుకి నేను ఇది చెప్పలేదు, తర్వాత ఫోన్ చేసి చెప్పాను.

మళ్లీ కొంటానా? ఈ మోకాలితో అయితే ఏఎంటీయే కొంటాను. కాలు బాగుండి, నాలా నెలకోసారి ఘాట్ దిగే పని ఉంటే మామూలు గేర్ల బండే కొనేదాన్నేమో. బరంపురంలో తిరిగే మా ఆడపడుచుకి ఎమ్ ఏడాదికి ఒకసారి అవసరమైతే ఎక్కువ. మీరు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే షోరూమ్ చుట్టూ తిప్పి వచ్చేయకండి. మా జయపురంలో అయితే కోరాపుట్ ఘాట్ పక్కనే ఉంది, పైదాకా వెళ్లి ఎమ్‌లో రెండో గేరు వేసి దిగి చూడండి.