క్యూసీలో నాలుగేళ్ళయ్యాక: ల్యాబ్ లీడా, క్యూఏనా, రెగ్యులేటరీనా?

చౌటుప్పల్ బల్క్ డ్రగ్ (ముడిమందుల) కంపెనీల్లోనో, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనో క్యూసీలో (మందుల శాంపిళ్ళు పరీక్షించే ల్యాబులో) చేరిన మన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలకు నాలుగేళ్ళు నిండేసరికి ఒకటే టెన్షన్. హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద చెయ్యి తిరిగింది, షిఫ్టులు అలవాటయ్యాయి, జీతం మాత్రం నత్తనడకే. ముందు మూడు దారులున్నాయి: ఉన్న ల్యాబులోనే సెక్షన్ లీడ్, అదే ప్లాంటులో క్యూఏ (నాణ్యత పద్ధతులు సరిగా పాటించారో లేదో చూసే విభాగం), లేదంటే హైదరాబాద్‌లో రెగ్యులేటరీ అఫైర్స్ (మందుల అనుమతుల పత్రాలు చూసే విభాగం).

లీడ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. నలుగురినీ కలుపుకుపోయే గుణం ఉంటే మంచిదే. కానీ చాలా చోట్ల అది షిఫ్టు రోస్టర్లు వేయడం, పెండింగ్ శాంపిళ్ళ గురించి ప్రొడక్షన్ వాళ్ళకు జవాబు చెప్పడం. బాధ్యత పెరుగుతుంది, కొత్త పని పెద్దగా రాదు.

క్యూఏ అలా కాదు, బ్యాచ్ మొత్తం చూడాలి. బ్యాచ్ రికార్డులో ఒక అంకె దిద్దారంటే, పాత అంకె కనిపించేలా ఒక్క గీతతో కొట్టారా, పక్కన సంతకం, తేదీ, కారణం ఉన్నాయా అని చూడాలి. క్రొమటోగ్రామ్‌లో (హెచ్‌పీఎల్‌సీ ఇచ్చే గ్రాఫు) మాన్యువల్ ఇంటిగ్రేషన్, అంటే సాఫ్ట్‌వేర్ కొలతను చేత్తో మార్చడం, కనిపిస్తే ఆడిట్ ట్రయల్ (మార్పుల చిట్టా) తెరిచి ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో అడగాలి. క్యూసీ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడే రాణిస్తారు. ఎక్కడ తేడా వస్తుందో వాళ్ళకు ముందే తెలుసు. కష్టమూ ఉంది. నిన్నటిదాకా పక్కన పనిచేసిన స్నేహితుడి పొరపాటునే పద్ధతి తప్పిన సంఘటనగా, అంటే డీవియేషన్‌గా రాయాల్సి వస్తుంది. యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) వాళ్ళు తనిఖీలో చూసిన లోపాల జాబితా, అంటే 483, ఇచ్చి వెళ్తే 15 పనిదినాల్లో జవాబు పంపాలి. ఆ రోజుల్లో ఇంటికి ఎన్నింటికి చేరతామో చెప్పలేం.

రెగ్యులేటరీలో నైట్ షిఫ్టు గొడవ ఉండదు. డీఎంఎఫ్‌లు (ముడిమందు తయారీ, నాణ్యత వివరాల ఫైళ్ళు) తయారు చేయడం, విదేశీ అధికారుల ప్రశ్నలకు జవాబులు రాయడం పని. మనకు వస్తుందా అని జంకేవాళ్ళు సీటీడీలో (అనుమతి పత్రాల ఉమ్మడి నమూనాలో) ముడిమందు గురించిన 3.2.ఎస్ భాగం ఒకసారి తెరిచి చూడాలి. ఎస్.4లో ఉండేవి స్పెసిఫికేషన్లు, టెస్ట్ పద్ధతులు, వాటి వాలిడేషన్. మీరు రోజూ చేసేదే. ఎస్.7 స్టెబిలిటీ (మందు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో), అదీ తెలిసిందే. తయారీ విధానం ఉండే ఎస్.2 దగ్గరే క్యూసీ వాళ్ళు తడబడతారు, రియాక్టర్ దగ్గరికి వెళ్ళింది తక్కువ కాబట్టి. ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాయగలగాలి. నల్లగొండలో సొంతిల్లు ఉండి కంపెనీ బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళు సిటీ అద్దె కూడా లెక్కేసుకోవాలి. పెరిగిన జీతం అందులోనే కరిగిపోవచ్చు.

నన్నడిగితే ముందు క్యూఏ, రెండు మూడేళ్ళకు రెగ్యులేటరీ. బ్యాచ్ రికార్డులు, ఛేంజ్ కంట్రోళ్ళు (తయారీలో మార్పుల అనుమతి పత్రాలు) చూస్తూ ఉంటే ఎస్.2 కూడా పట్టుబడుతుంది. కంపెనీ లోపలే మారతారు కాబట్టి సర్వీసూ తెగదు. ఇంట్లో చంటిపిల్లలుండి రాత్రి షిఫ్టు కుదరని వాళ్ళు, రాయడం బాగా వచ్చినవాళ్ళు నేరుగా రెగ్యులేటరీకి వెళ్ళొచ్చు. మొదట్లో జీతం దగ్గర కాస్త సర్దుకోవాల్సి రావచ్చు.

బయటికే వెళ్ళాలనుకుంటే రిజైన్ పెట్టేముందు జాయినింగ్ తేదీ చూసుకోండి. పర్మనెంట్ ఉద్యోగికి వరుసగా అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది: ఆఖరి నెల వేతనాన్ని (ముఖ్యంగా బేసిక్, డీఏ) 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో గుణించండి. దానికి కొద్ది నెలలే మిగిలి ఉంటే ఆగండి. పీఎఫ్ తీసెయ్యకండి, యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి మార్చుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది.