డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్: సైకిలు తొక్కడానికీ, నడవడానికీ, పరిగెత్తడానికీ

అమెరికాలో ఉత్తర వర్జీనియాలో 1968లో రైళ్లు ఆగిపోయిన వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ లైను మీద వేసిన తారు బాట ఇది. షర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లు. హెర్న్‌డన్, యాష్‌బర్న్ మనవాళ్లకైతే దాదాపు పెరటి దారే.

రైలు కట్ట కాబట్టి నిటారు ఎత్తులు ఉండవు. అయితే లీస్‌బర్గ్ దాటాక క్లార్క్స్ గ్యాప్ దాకా ఆగకుండా ఎక్కుడే. మొదట్లోనే బలమంతా పెడితే సగంలో తొడలు పట్టేస్తాయి. తేలిక గేరులో ఒకే వేగంతో పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆ దిగుడు అద్భుతం!

అసలు ఇబ్బంది చెట్ల వేళ్లు. అవి తారును కింద నుంచి అడ్డంగా ఎత్తేస్తాయి. నీడలో ఆ గట్టు కనబడదు, సన్న టైర్లో గాలి తక్కువుంటే ట్యూబు రిమ్ము కింద నలిగి రెండు చిల్లులు పడతాయి. స్పేర్ ట్యూబు, పంపు తప్పనిసరి. ఆకురాలు కాలంలో తడి ఆకుల మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కొద్దు.

పరిగెత్తేవాళ్లకు వియన్నా నుంచి పశ్చిమంగా పక్కనే గుర్రాల కోసం వేసిన కంకర బాట ఉంది, మోకాళ్లకు అదే మేలు. నడకకు ఫాల్స్ చర్చ్ ఊళ్లోని భాగం నయం, అక్కడ సైకిళ్ల దారి వేరు.

వారాంతం ఉదయం తొమ్మిది దాటితే వియన్నా దగ్గర రద్దీ. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇంకా ముందే బయలుదేరండి. ముందు పోయేవాళ్లను దాటేటప్పుడు గంట కొట్టి, ఎడమవైపు నుంచే దాటండి. ఒకవైపే తొక్కాలనుకుంటే ఈస్ట్ ఫాల్స్ చర్చ్ మెట్రో స్టేషను బాటకు దగ్గరే, రైల్లోకి సైకిలు ఎక్కించుకోవచ్చు.