నెల్లూరు మిద్దె మీద తులిప్, ఒక్కసారికే సరి

ఆన్‌లైన్‌లో పది తులిప్ గడ్డలు తెప్పించా, రెండు మెత్తబడి బూజు పట్టి వచ్చినాయి, డబ్బులు వాపస్ అడిగితే ఉలుకూ పలుకూ లేదు. మిగతావి పేపర్ కవర్లో చుట్టి పూయాలంటే చలి తగలాలని ఫ్రిజ్‌లో 14 వారాలు పెట్టా, మా ఆయనైతే ఉల్లిపాయనుకుని ఒకటి కోయబోయాడు! పక్కన ఆపిల్ పళ్ళు మాత్రం పెట్టొద్దు, వాటి గ్యాస్‌కి లోపలి మొగ్గ పాడైపోద్ది. జనవరిలో కుండీలో నాటితే ఐదు పూసినాయి, ఎర్రగా, పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటా భలే ఉన్నాయిలే, మన ఉక్కకి నాలుగు రోజులే. 'ఏటా పూస్తుంది' అని ప్యాకెట్ మీద రాశారే, అది శ్రీనగర్ చలిలో చెప్పండబ్బా. ఆకులు పండేదాకా ఆగి తవ్వితే వెల్లుల్లి రెబ్బలంత పిల్లగడ్డలే మిగిలినాయి, అంత చిన్నవి మళ్ళీ ఏటికేం పూస్తాయి. రెండు స్టార్లే.